నాలుగో మెట్టు మీద తడి

ఒడ్డు వీధిలో ఇళ్ళ ధర మెట్లలో చెప్తారు. ప్రతి ఇంటికీ వెనక గడప నుంచి చెరువులోకి పన్నెండేసి మెట్లుంటాయి. నీళ్ళు పన్నెండో మెట్టు కూడా వదిలేసి దూరంగా వెళ్ళిపోయి బురద బయటపడితే ఇల్లు సగం ధరకు వస్తుంది. నాలుగైదు మెట్లు పొడిగా ఉండి ఆ కిందిది నీళ్ళలో ఉంటే అది మంచి ధర. అప్పుడు మేడ మీంచి చూస్తే ఇల్లు నీళ్ళ మీద కూర్చున్నట్టుంటుంది. రెండు మెట్లే మిగిలితే కొనేవాళ్ళు వీధి మొదట్లోంచే వెనక్కి తిరుగుతారు. అందుకే బ్రోకర్లు ఫోనులో ముందు "ఎన్ని మెట్లు?" అని అడిగి, తర్వాత గదుల సంగతి అడుగుతారు.

మెట్లు లెక్కపెట్టడానికి ఒడ్డుదాకా వెళ్ళక్కర్లేదు. నీటి ఆఫీసు గేటు పక్కన నల్లబోర్డు మీద రోజూ సుద్దతో ఒక నంబరు రాసి ఉంటుంది. పదకొండేళ్ళుగా దాన్ని రాస్తున్నావిడ పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినబడదు. వీధి మొత్తానికి ఆవిడ నంబరక్క.

నంబరక్క ఐదింటికి లేస్తుంది. సైకిలు మీద గట్టు వెంట అరగంట తొక్కి, అవతలి ఒడ్డున తూము గోడ దగ్గరికి వెళ్తుంది. గోడకు బిగించిన కొలకర్ర మీద నీళ్ళు ఏ అంకెను తాకుతున్నాయో చూస్తుంది. నిలబడి చూడదు. నిలబడి చూస్తే అంకె తప్పుతుంది. మోకాళ్ళ మీద వంగి, కన్ను నీళ్ళ దగ్గరికి తెచ్చి, పది అలలు పోనిచ్చి, పైదానికీ కిందిదానికీ నడిమి అంకె తీసుకుంటుంది. దాన్ని ఇంజనీరుకు ఫోనులో పంపి, వెనక్కొచ్చి, నిన్నటి నంబరు తడిగుడ్డతో తుడిచి, ఆరిందాకా ఆగి, ఇవాల్టిది రాస్తుంది. తడి మీద రాస్తే సుద్ద తర్వాత తెల్లగా పొంగి అంకె మందమైపోతుందని ఆగడం. ఆ నంబరు ఐదు ఎనభై అయిన రోజున తూము గేట్లు ఎత్తుతారు. అది ఆఫీసు నియమం.

ఆవిడది రోజుకూలీ ఉద్యోగం. పర్మనెంటు చేసే కాగితం పై ఆఫీసులో ఉంది. ఈ నెలలో వస్తుందని ఇంజనీరు రెండుసార్లు అన్నాడు. నిరుడూ రెండుసార్లే అన్నాడు గానీ ఈసారి ఫైలు నంబరు కూడా చెప్పాడు.

ఆ సోమవారం బోర్డు మీద ఐదు యాభై రెండు. అంటే ఐదు మీటర్ల యాభై రెండు సెంటీమీటర్లు. వీధిలో ఎవరూ అంత పొడుగ్గా చెప్పరు. టీకొట్టు దగ్గర బూట్ల బ్రోకరు దాన్ని చూసి తల ఊపాడు. బురదలో తిరిగే పనైనా మెరిసే నల్లబూట్లు వదలడు గనక ఆయనకా పేరు. తుడుచుకునే గుడ్డ ఎప్పుడూ జేబులోనే ఉంటుంది.

"నంబరక్కా, ఇల్లు కొనే నర్సమ్మ సంతకం పెట్టేదాకా నీళ్ళని ఇక్కడే ఆపవా? నాలుగు రోజులు చాలు."

"నా చేతిలో ఉంటే నీ బూట్లదాకా తెచ్చేదాన్ని."

టీకొట్టు నవ్వింది. బ్రోకరు కూడా నవ్వాడు. అమ్మకానికి పెట్టిన ఇల్లు నంబరక్క తమ్ముడిదే.

తమ్ముడు తాపీ మేస్త్రీ. మూడేళ్ళ కింద చెరువు ఎండి, నీళ్ళు మెట్లకు మూడొందల అడుగుల దూరానికి పోయినప్పుడు, ఆ ఇల్లు కొన్నాడు. ఒడ్డు వీధిలో ఇల్లు కొనే మేస్త్రీ అంతకుముందు ఎవరూ లేరు. బురద కొన్నాడని అందరూ నవ్వారు. ఆయన మాత్రం పని లేని ప్రతి ఆదివారం బురదలో దిగి, పన్నెండు మెట్లూ విప్పి, కింద రాయి పరిచి మళ్ళీ కట్టుకున్నాడు. భర్త పోయినప్పటి నుంచి నంబరక్క ఆ ఇంటి మేడగదిలో ఉంటోంది. ఇప్పుడు నీళ్ళు తిరిగొచ్చాయి, ఇంటికి ధర వచ్చింది, ఆయన మోకాళ్ళు మాత్రం పోయాయి. పరంజి ఎక్కితే దిగడానికి మనిషి సాయం కావాలి. ఇల్లమ్మి బజారులో సిమెంటు కొట్టు పెట్టుకుని కూర్చునే పని చేయాలని ఆయన లెక్క. ఆ లెక్కలో కొట్టు వెనక అక్కకో గది కూడా ఉంది.

కొంటానన్నావిడ రిటైరైన నర్సు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో చేసిన మనిషి. ఏది చూసినా జ్వరం చార్టు చూసినట్టే చూస్తుంది. ఆ సోమవారం ఆవిడ మూడోసారి వచ్చింది. చేతిలో దస్తావేజు నకలుంది, సంచిలో టేపుంది.

"గడప మట్టం ఆరు ఇరవై అని రాశారు," అంది వెనక గడప దగ్గర నిలబడి. ఒడ్డున ఉన్న ప్రతి ఇంటి దస్తావేజులోనూ గడప చెరువు లెక్కలో ఎంత ఎత్తున ఉందో రాసి తీరాలి. "బోర్డు మీద ఐదు యాభై రెండు. తేడా ఎంతయ్యా మేస్త్రీ?"

"అరవై ఎనిమిదండి."

"గడప నుంచి నీళ్ళకి కొలువు."

మేస్త్రీకి సరదా వేసింది. తన పని తెలిసిన గిరాకీ దొరకడం అరుదు. పొడుగు అల్యూమినియం బద్ద తెచ్చి, ఒక కొస గడప మీద పెట్టి, రెండో కొస నీళ్ళ మీదికి చాచి, పైన రసమట్టం ఉంచాడు. బుడగ నడిమికి రాగానే భార్యను బద్ద పట్టుకోమని, నాలుగో మెట్టు మీదికి దిగి టేపు వదిలాడు. నాలుగో మెట్టు తడిగా ఉంది. నీళ్ళు దాని అంచును నాకుతున్నాయి.

"అరవై," అన్నాడు. తర్వాత, "ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు. బద్ద తిప్పి పెట్టాడు. రసమట్టం తిప్పి పెట్టాడు. "అరవై."

"ఎనిమిది తక్కువ."

"నీళ్ళు కదుల్తున్నాయి కదండీ."

"ఎనిమిది సెంటీమీటర్లు కదలడం లేదు." నర్సమ్మ దస్తావేజు మడిచింది. "నీళ్ళు బోర్డు మీద ఉన్నట్టే ఉంటాయి. అంటే దిగింది గడప. గడప దిగితే గోడలు దిగినట్టే కదా?"

"ఇల్లు కుంగిందంటారా?" మేస్త్రీ గొంతు పెరిగింది. "నా చేత్తో కట్టానండీ ఈ మెట్లు. చీలిక ఒక్కటి చూపించండి. చూపిస్తే ఇల్లు ఊరికే రాసిస్తా."

"కోపం ఎందుకు? ఆలోచించుకుని చెప్తాను," అంది ఆవిడ. రోగి బంధువులకు చెప్పే గొంతు అది. ఆవిడ వెంట వచ్చిన బ్రోకరు ఒంగి బూట్లు తుడుచుకుంటున్నాడు. వాటి మీద దుమ్ము లేదు.

వంటింటి గుమ్మంలో టీ కప్పుల పళ్ళెంతో నిలబడ్డ నంబరక్క దాన్ని ఎవరికీ ఇవ్వకుండానే కింద పెట్టేసింది.

తమ్ముడు ఇల్లు కొన్న రోజుకు నీళ్ళు పాత కొలకర్రను దాదాపు వదిలేశాయి. ఆ కర్ర ఇవతలి ఒడ్డున, ఆఫీసు గోడ దిగువ నుంచి చెరువు లోపలిదాకా వాలు వెంట ముక్కలుగా పాతి ఉండేది. నీళ్ళు ఇంకొక్క రోజులో దాని చివరి ముక్క కూడా దాటి పోతాయని తెలిసి, అవతల తూము గోడకు కొత్తది బిగించమన్నారు. అలా మార్చేటప్పుడు గాలి లేని పూట చూసుకోవాలి. ఒకరు పాత కర్ర దగ్గర, ఒకరు కొత్తదాని దగ్గర నిలబడి, నీళ్ళు నిద్రపోతున్నట్టున్నప్పుడు పాతది ఎంత చూపిస్తే కొత్తదాన్ని అంతకే బిగించాలి. తెల్లవారుజామున చేద్దామనుకున్నారు. సాయం తమ్ముడు. కానీ ఆ పొద్దున్నే ఆయనకు రిజిస్ట్రేషను ఆఫీసులో పిలుపొచ్చింది. పని మధ్యాహ్నానికి పడింది. మధ్యాహ్నం గాలి వీధి వైపు నుంచి తూము వైపుకు కొడుతోంది.

"అక్కా, నీళ్ళు నా దగ్గర్నుంచి వెనక్కి పోతున్నట్టున్నాయే," అన్నాడు తమ్ముడు ఫోనులో, కొత్త ఇంటి సంతోషంలో, నవ్వుతూ.

"నువ్వు అంకె చెప్పు."

"రెండు పది."

ఆవిడ రెండు పదికి బిగించింది. వెడల్పయిన, లోతు లేని చెరువు. గాలి కొడితే నీళ్ళు ఇవతల తగ్గి అవతల పెరుగుతాయని ఆవిడకు తెలియనిది కాదు. తెలిసీ, ఎంతో ఉండదులే అనుకుంది. ఎంత ఉంటుందో ఇప్పుడు నర్సమ్మ టేపు చెప్పింది. బోర్డు మూడేళ్ళుగా ఎనిమిది తక్కువ చెబుతోంది.

లేదా ఇల్లు కుంగింది. ఆ రోజంతా ఇల్లు కుంగి ఉండొచ్చని నమ్మడానికి నంబరక్క ప్రయత్నించింది. సాయంత్రం ఎవరూ చూడకుండా గోడలన్నిటి అడుగునా చేత్తో తడిమింది. వెంట్రుకంత చీలిక కూడా లేదు.

మర్నాటికి మాట వీధి దాటింది. మూడో రోజుకు కాంట్రాక్టరు ఫోను చేసి, బడి గోడ పని ఇంకొకరికి ఇచ్చానని చెప్పాడు. "నీ మీద నమ్మకం లేక కాదు మేస్త్రీ. బడివాళ్ళు అడుగుతున్నారు, సొంత ఇల్లే నిలబెట్టుకోలేనాయన అని." టీకొట్టాయన మాట మెత్తగా చెప్పే రకం కాదు. "ఇంటికి జాకీ పెట్టించు మేస్త్రీ! లారీలకి పెట్టినట్టు," అన్నాడు. బల్ల మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. సైకిలు పట్టుకుని నిలబడ్డ నంబరక్క పెదవులు కూడా నవ్వు ఆకారంలోకి వెళ్ళాయి. ఎందుకు వెళ్ళాయో ఆవిడకే తెలియలేదు.

మిగతా ఇళ్ళవాళ్ళు ఎవరూ తమ గడపలు కొలుచుకోలేదు. కొలిస్తే వాళ్ళ ఇల్లూ కుంగిందని తేలుతుందేమోనని టేపులు పెట్టెల్లో దాచుకున్నారు. ఒక్క ఇల్లు అదనంగా కొలిచి ఉన్నా సంగతి బయటపడేది. నంబరక్క రోజూ అందుకు భయపడింది, రోజూ అందుకే ఎదురుచూసింది. ఎవరైనా టేపు తెరిచిన చప్పుడు వినిపిస్తే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది.

"వదినా, మీరు సరిగ్గా తినడం లేదు," అంది మరదలు. "ఇల్లు మాది కుంగితే మీరు చిక్కిపోతున్నారేంటి?"

"కుంగలేదు."

"మీరూ ఆయన లాగే అంటున్నారు. కుంగనిది తక్కువెలా అవుతుంది?"

దానికి జవాబు ఆవిడ దగ్గరే ఉంది. మింగలేకా కక్కలేకా మేడ ఎక్కిపోయింది.

నీళ్ళు పెరుగుతున్నాయి. ఐదు యాభై తొమ్మిది. ఐదు అరవై నాలుగు. ఇంజనీరు ఫోను చేశాడు. "ఏమ్మా, నీ ఫైలు సంతకానికి వెళ్ళింది. ఇంకో పది రోజులు. ఈ పది రోజులూ ఏ గొడవా లేకుండా చూసుకో." "సరే సార్" అంది. ఫోను పెట్టేశాక ఆ పది రోజుల్లో నీళ్ళు ఎంత పెరుగుతాయో లెక్కేసింది.

వీధి చివర, అన్నిటికన్నా పల్లంలో, దర్జీ ఇల్లు. ఆయన మిషను నీళ్ళ వైపు కిటికీ కింద ఉంటుంది. పదమూడో రోజున కిటికీలోంచి పిలిచాడు.

"నంబరక్కా, గేట్లు ఎప్పుడెత్తుతారు?"

"ఐదు ఎనభైకి."

"నా గడప ఆరు. అంటే నడుమ ఇరవై ఉంటుంది కదా. ఎత్తాక ఒకట్రెండు రోజులు పెరిగినా పరవాలేదు."

"పరవాలేదు," అంది నంబరక్క.

బోర్డు ఎనిమిది తక్కువైతే ఆ నడుమ మిగిలేది పన్నెండే. పదకొండేళ్ళలో నంబరు విషయంలో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది. కర్ర తప్పుగా బిగించడం పొరపాటు. ఇది పొరపాటు కాదు. సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ ఇంటికొచ్చింది.

పాత కొలకర్ర ఇంకా అక్కడే ఉంది. ఏడాది కిందే నీళ్ళు మళ్ళీ దాన్ని చేరాయి. ఒడ్డు దగ్గరి పై ముక్క చుట్టూ తుంగ పెరిగింది, ఆఫీసు దాన్ని రద్దు చేసింది, చూడాల్సిన అవసరం లేదు. ఏడాదిగా ఆవిడ ఆ వైపు తల తిప్పకుండా నడిచింది. పదిహేనో రోజు పొద్దున, గాలి లేనప్పుడు, చెప్పులు విడిచి తుంగలోకి దిగింది. అంకెల మీది నాచు బొటనవేలితో రాసి, వంగి చూసింది. ఐదు డెబ్భై ఏడు. అరగంట కింద తూము దగ్గర చూసింది ఐదు అరవై తొమ్మిది.

ఎనిమిది.

అయినా ఒక దారి మిగిలింది. పాత కర్రే బురదలో కుంగి ఉండొచ్చు. కుంగిన కర్ర ఎక్కువే చూపిస్తుంది. ఆ మాట రెండు రోజులు పట్టుకుని వేలాడింది. కానీ అది నిజమో కాదో చెప్పే రాయి ఆఫీసు గోడ మొదట్లోనే ఉంది. చెరువు లెక్కలో అది సరిగ్గా ఏడు మీటర్ల ఎత్తని దాని మీద గీత చెక్కి ఉంది. రాయికీ కర్రకీ మధ్య ముప్పై అడుగుల దూరం. ఆ దూరం మట్టం చూడాలంటే ఇంజనీరు యంత్రం రావాలి. లేదా మేస్త్రీల దగ్గరుండే నీళ్ళ ట్యూబు చాలు. దాని రెండు కొసలూ ఇద్దరు పట్టుకోవాలి.

పదిహేడో రోజు తూము నుంచి తిరిగొచ్చిన నంబరక్క బోర్డు తుడవలేదు. ఇంటికెళ్ళి తమ్ముణ్ణి లేపింది.

"ట్యూబు తీసుకుని రా."

"ఎవరింటికి?"

"రా."

పని లేక పదిహేను రోజులైన మనిషి ఎందుకని మళ్ళీ అడగలేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబులో నీళ్ళు నింపి, బుడగలు పోయేదాకా వేలితో తట్టి, చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. ఆవిడ రాతి గీత దగ్గర ఒక కొస పట్టుకుంది. ఆయన రెండో కొసతో తుంగలోకి దిగాడు. మోకాళ్ళు మడత పడినప్పుడల్లా పళ్ళు బిగబట్టాడు.

"ఆఫీసు చెప్పిందా ఈ పని?"

"చెప్పలేదు. నీళ్ళు ఎక్కడ నిలిచాయో చూడు."

రెండు కొసల్లోని నీళ్ళు కాసేపు పైకీ కిందికీ ఊగి నిలిచాయి. ఆయన కర్రకు గీత పెట్టాడు. అక్కడి నుంచి కిందికి టేపుతో కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. మేస్త్రీ అలవాటు, ఏదీ ఒకసారి కొలవడు.

"కర్ర సరిగ్గానే ఉంది. అర సెంటీమీటరు కూడా తేడా లేదు. ఇప్పుడిది ఐదు డెబ్భై తొమ్మిది చూపిస్తోంది."

"తూము దగ్గర ఐదు డెబ్భై ఒకటి."

ఆయన ఒడ్డుకొచ్చి రాయి మీద కూర్చున్నాడు.

"నా ఇల్లు కుంగలేదు."

"లేదు."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"అనుమానమే. నువ్వు అరవై అన్నప్పట్నుంచి."

"పదిహేడు రోజులు," అన్నాడు. "పదిహేడు రోజులు నన్ను తలదించుకుని తిరగనిచ్చావు. వాడు జాకీ పెట్టించమన్నప్పుడు నువ్వక్కడే ఉన్నావు. నవ్వావు కూడా."

"నవ్వలేదు."

"నవ్వావక్కా."

"నవ్వాను."

అవతల గట్టు మీద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మేస్త్రీ మోకాలి చిప్పను అరచేత్తో గుండ్రంగా రుద్దుకుంటున్నాడు.

"ఆ మధ్యాహ్నమా? కర్ర బిగించిన రోజు?"

"ఆ."

"నీళ్ళు వెనక్కి పోతున్నాయన్నాను నేను."

"అన్నావు."

"అని మళ్ళీ రెండు పది అని నేనే చెప్పాను. రిజిస్ట్రేషనయ్యాక అందరికీ టీ ఇప్పించాలని తొందర." ఆయన గొంతులో కోపం తగ్గలేదు గానీ ఎటు వెళ్ళాలో దానికి తెలియడం లేదు. మోకాలు రుద్దడం ఆపి అన్నాడు, "రాయకు."

"ఏంటి?"

"ఫైలు వచ్చేదాకా రాయకు. ఎన్నాళ్ళు, వారమా? ఇన్నాళ్ళు కుంగిన ఇల్లు ఇంకో వారం కుంగితే ఏం పోయింది? ఇల్లెక్కడికీ పోదు. ఉద్యోగం పోతే నీకింకొకటి ఎవడిస్తాడు?"

ఆ మాట ఆయన అంటాడని నంబరక్క అనుకోలేదు. తిడతాడనుకుంది. తిడితే తేలిగ్గా ఉండేది.

"మరి గేటు?" అంది.

ఆయన కర్ర వైపు తిరిగి చూశాడు.

"దర్జీ గడప ఆరు. కొండల మీద చూడు."

కొండల మీద మబ్బు నల్లగా కిందికి వేలాడుతోంది. మేస్త్రీ వీధి చివరికి చూశాడు. దర్జీ కిటికీ తెరిచే ఉంది, మిషను చప్పుడు వస్తోంది. ఆయన ట్యూబు కొస వంచి నీళ్ళన్నీ నేల మీదికి ఒంపేశాడు. చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు.

"సుద్ద ఉందా?" అన్నాడు.

ఆవిడ బోర్డు తుడిచింది. ఆరిందాకా ఆగింది. ఐదు డెబ్భై తొమ్మిది అని రాసింది. కింద, చిన్న అక్షరాల్లో, ఇంకో వరుస రాసింది: "మూడేళ్ళుగా ఎనిమిది తక్కువ రాశాను. కొలకర్ర బిగించడంలో తప్పు నాది." ఆ తర్వాతే ఇంజనీరుకు ఫోను చేసింది.

ఆయన అంతా విన్నాడు. "ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

"బోర్డు మీద రాశాను సార్."

"నేనొచ్చేదాకా ఆగలేకపోయావా?" అన్నాడు ఇంజనీరు. "తుడిచెయ్యి. వద్దు, ఉంచు. ఇప్పటికే చూసి ఉంటారు." పదకొండింటికి, నీళ్ళు ఐదు ఎనభైని తాకగానే, తూము గేట్లు ఎత్తారు.

అప్పటికి బోర్డు ముందు వీధి సగం ఉంది. బూట్ల బ్రోకరు రెండు వరుసలూ చదివి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్క సుద్దముక్కతో ముప్పై ఇళ్ళని అరమెట్టు కిందికి దించావు కదా నంబరక్కా. చెరువు కూడా ఒక్క పూటలో ఇంత పని చేయలేదు."

"ఇళ్ళు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి."

"కొనేవాళ్ళకి చెప్పు ఆ మాట."

నర్సమ్మ సాయంత్రం వచ్చింది. ఎవరూ పిలవలేదు. మళ్ళీ బద్ద పెట్టించి, మళ్ళీ కొలిపించి, దస్తావేజుతో సరిచూసుకుంది. "ఇల్లు బాగుంది. నేనన్నది తప్పు. నలుగురి ముందు అన్నాను కాబట్టి నలుగురి ముందే చెప్తాను," అంది. టీకొట్టు దగ్గర నిలబడి చెప్పింది కూడా. టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ విననట్టు ఊరుకున్నాడు.

"అయితే సంతకం ఎప్పుడండి?" అన్నాడు మేస్త్రీ.

నర్సమ్మ నాలుగో మెట్టు వైపు చూసింది. అది అప్పటికే నీళ్ళ కింద ఉంది. "ఇంటి మీద నాకు అనుమానం లేదయ్యా. నీళ్ళ మీద ఉంది. అవి దిగనీ," అంది.

ఆ రాత్రి కొండల్లో వాన పడింది. గేట్లు ఎత్తినా మూడు రోజులు నీళ్ళు పెరిగాయి. దర్జీ మిషను తీసి బల్ల మీద పెట్టాడు. మూడో రోజు సాయంత్రం నీళ్ళు ఆయన గడపకు నాలుగు వేళ్ళ కింద ఆగాయి. మేస్త్రీ ఇంటికి ఒక్క మెట్టు పొడిగా మిగిలింది. ఒక్క మెట్టు ఇంటికి బ్రోకర్లు ఫోను కూడా చేయరు.

పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆవిడ ఎదురుచూసిన కాగితం కాదు, సంజాయిషీ అడిగే కాగితం. దానికి జవాబు వెళ్ళి తేలేదాకా పర్మనెంటు ఫైలు ఆపారు. జీతం మాత్రం ఆపలేదు. ఎప్పుడు ఆపుతారో చెప్పలేదు. ఇప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ తమ మెట్ల మీద ఎర్ర రంగుతో గీతలు పెట్టుకున్నారు. పొద్దున్నే నంబరక్క బోర్డు రాస్తుంటే ఎవరూ ఆగడం లేదు. టీకొట్టు దగ్గర "నంబరెంతక్కా?" అని అడిగేవాళ్ళు కూడా లేరు. కాంట్రాక్టరు మేస్త్రీకి ఫోను చేసి, బడి గోడ రెండో వైపు ఇస్తానన్నాడు. అది పరంజి మీద పని. మేస్త్రీ ఒప్పుకున్నాడు. అక్కతో మాట్లాడటం మాత్రం అవసరమైనంతే.

తర్వాతి గురువారం ఇంజనీరు నుంచి కబురొచ్చింది. శుక్రవారం ఆయనే యంత్రంతో వచ్చి చూస్తాడు, ఈలోగా తూము కర్ర విప్పి సరిగ్గా బిగించి ఉంచాలి. శుక్రవారం నాలుగున్నరకు నంబరక్క మేడ మెట్లు దిగేసరికి తమ్ముడు వెనక గడప మీద కూర్చుని ఉన్నాడు. లాగు మోకాళ్ళ పైకి మడిచి ఉంది.

"గాలి ఉందా?" అన్నాడు, నీళ్ళ వైపే చూస్తూ.

ఆవిడ కాసేపు నిలబడి చూసింది. "లేదు."

ఆయన గోడ పట్టుకుని లేచాడు. ఆవిడ సైకిలు మీద అవతలికి వెళ్ళి, తూము గోడకున్న మరలు వదులు చేసి, కొలకర్ర పలకను చేత్తో పట్టుకుని ఫోను చెవికి ఆనించుకుంది. ఇవతల పాత కర్ర దగ్గర ఆయన తుంగలో మోకాలి లోతున నిలబడ్డాడు. ఆయన ఊపిరి వినిపిస్తోంది.

"చెప్పు," అంది.

"ఆగు. పడవొకటి పోయింది. అల ఇంకా ఉంది."

ఆవిడ పలక పట్టుకుని ఆగింది. చెయ్యి నొప్పి పుట్టింది, మార్చుకోలేదు. తెల్లవారుతోంది. వీధి వైపు ఒడ్డున ఇళ్ళు కనిపిస్తున్నాయి గానీ మెట్లు కనిపించేంత వెలుగు లేదు.

"చెప్పు," అంది మళ్ళీ.

"నిలబడనీ అక్కా," అన్నాడు. "ఇంకా కదుల్తోంది."